మిద్దె మీద వాన, పెరట్లో ఆకు: ముళబాగిలులో సొంత ఇల్లున్నవాళ్లు ఎంతవరకు సొంతంగా బతకొచ్చు?

ఏప్రిల్ సగం దాటిందంటే మన ముళబాగిలు వీధుల్లో పొద్దున్నే వినిపించేది ట్యాంకర్ చప్పుడు. సంపు మూత తీసి, పైపు లోపలికి వేసి, నిండేదాకా ఇంట్లో ఒకరు పక్కనే నిలబడాలి. ఇల్లు మనదే. ఖాతా మన పేరు మీదే ఉంది. అయినా తాగడానికి క్యాన్ నీళ్లు, వాడుకకు ట్యాంకర్, కొత్తిమీరకు బండివాడు, కరెంటు పోతే కొవ్వొత్తి. మన తాతల కాలంలో ఇదే జాగాలో బావి, పెరట్లో కరివేపాకు చెట్టు, వెనక దిబ్బ, రాగులకు పాతర ఉండేవి. ఆ రోజులు తిరిగి రావాలని మేము కోరుకోవడం లేదు. ఆ బావిలోంచి రోజుకు ముప్పై బిందెలు తోడింది ఎవరో మన అవ్వల భుజాలను అడిగితే చెబుతాయి.

అందుకే ఈ విషయం రాయాలనుకున్నప్పుడు మేము ఒక కొలత పెట్టుకున్నాం. ఏ ఏర్పాటుకైనా ముందు డబ్బు ఎంత అని కాకుండా, రోజూ చాకిరీ ఎంత, అది ఎవరి నెత్తిన పడుతుంది అని అడిగాం. మనవాళ్ల ఇళ్లలో ఉత్సాహంగా మొదలై ఆర్నెల్లకే మూలపడినవి చాలా చూశాం. ఎండిపోయిన కుండీలు, పురుగులు పట్టిన ఎరువు డబ్బా, దుమ్ము పట్టిన సోలార్ పలక. అన్నిట్లోనూ జరిగింది ఒకటే. మొదలుపెట్టింది ఒకరు, రోజూ చేయాల్సి వచ్చింది ఇంకొకరు. ఆ ఇంకొకరు సాధారణంగా ఇంటి కోడలో, మోకాళ్ల నొప్పులున్న అత్తగారో. కాబట్టి ఏడాదికి నాలుగైదు సార్లు చేయి పెడితే చాలు అనిపించేవాటిని ముందు చెబుతాం. రోజూ చేయాల్సినవి తర్వాత.

ఆ లెక్కన మొదటిది వాననీళ్లు.

మిద్దె లెక్క

కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు. పాలారు ఉంది గానీ దానికి వాన పడితేనే ప్రాణం. అందుకే ఈ సీమలో పెద్దలు చెరువులు తవ్వారు. గని కాలంలో కేజీఎఫ్ కు నీళ్లు పోయింది కూడా బేతమంగళం చెరువు నుంచే. ఇప్పుడు చెరువుల కంటే బోర్ల మీద ఎక్కువ ఆధారపడ్డాం. వెయ్యి అడుగులు దాటి వేసినా నీళ్లు పడని బోర్లు మన వీధిలోనే లెక్కపెట్టొచ్చు. యర్గోళ్ డ్యామ్ నీళ్లు కోలారు, బంగారుపేట, మాలూరు పట్టణాల కోసం కట్టినవి. ఆ జాబితాలో మన ఊరు లేదు. బెంగళూరు వాడి వదిలిన నీటిని శుద్ధి చేసి మన జిల్లా చెరువులకు పంపే కేసీ వ్యాలీ పథకం 2018 జూన్‌లో లక్ష్మీసాగర చెరువుకు చేరింది. దాని ఉద్దేశం భూమిలో నీటిమట్టం పెంచడం, తాగడానికి ఇవ్వడం కాదు. ఆ తేడా ఇంట్లో పిల్లలకు కూడా తెలియాలి.

ఇక మన మిద్దె సంగతి. లెక్క చాలా తేలిక. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ముప్పై నలభై సైటులో కట్టిన ఇంటికి మిద్దె వెయ్యి చదరపు అడుగులు అనుకుందాం, అంటే 93 చదరపు మీటర్లు. మన వైపు ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన అని కొంచెం తగ్గించే వేసుకుందాం. మొత్తం 65,000 లీటర్లు. ఆవిరయ్యేది, చిమ్మిపోయేది, మొదట వదిలేసేది తీసేసి నూటికి 80 వంతులు పట్టామనుకున్నా 52,000 లీటర్లు.

ఇది ఇంటి మొత్తం అవసరానికి చాలదు. రోజుకు 400 లీటర్లు వాడే ఇంటికి ఏడాదికి 1,46,000 లీటర్లు కావాలి. ఇక్కడే చాలామంది నిరాశపడి వదిలేస్తారు. అలా వదిలేయడం పొరపాటు అని మా అభిప్రాయం, ఎందుకంటే అన్ని నీళ్లూ ఒకటి కావు. ఐదుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు రోజుకు 30 లీటర్లు సరిపోతాయి. ఏడాదికి 11,000 లీటర్లు. మిద్దె మీద పడేది దానికి నాలుగు రెట్లకు పైనే.

మరి ఎంత నిల్వ పెట్టాలి? మనకు పెద్ద వానలు ఆగస్టు నుంచి నవంబరు దాకా. డిసెంబరు మొదలు ఏప్రిల్ ఆఖరు దాకా దాదాపు 150 రోజులు ఏమీ పడదనుకుంటే, రోజుకు 30 చొప్పున 4,500 లీటర్లు. అంటే ఒక్క 5,000 లీటర్ల ట్యాంకు. నవంబరు ఆఖరుకు అది నిండుగా ఉంటే మే నెల వానలదాకా క్యాన్ కొనక్కర్లేదు. ఇంత చిన్న సంఖ్య వస్తుందని మేము కూడా అనుకోలేదు. రెండుసార్లు వేసి చూశాం.

బెంగళూరులో దీన్ని ఇంకా పెద్దగా చేసి చూపించిన ఇల్లు ఒకటి ఉంది. వాననీటి శాస్త్రవేత్త ఎ.ఆర్. శివకుమార్ 1990ల మధ్యలో విజయనగరలో నలభై అరవై సైటులో కట్టుకున్న ఇంటికి కార్పొరేషన్ నీటి కనెక్షనే తీసుకోలేదు. ఆయన పాత వానల లెక్కలు తిరగేసి, ఒక మంచి వానకూ ఇంకో మంచి వానకూ మధ్య ఎక్కువలో ఎక్కువ 100 రోజుల దాకా ఎడం ఉంటుందని తేల్చుకుని, ఆ వంద రోజులకు సరిపడా నిల్వ పెట్టుకున్నారు. బెంగళూరులో వాన మనకంటే ఎక్కువ, సైటు కూడా పెద్దది. కాబట్టి ఆయన చేసినంతా మనం చేయలేం. ఎన్ని రోజుల ఎడమో చూసుకుని నిల్వ నిర్ణయించుకోవడం మాత్రం ఆయన దగ్గర నేర్చుకోదగ్గది. బెంగళూరులో 2009 నుంచి పెద్ద సైట్లకు వాననీటి ఏర్పాటు తప్పనిసరి. మన దగ్గర ఎవరో వచ్చి అడిగేదాకా ఆగనక్కర్లేదు.

ఏర్పాటు ఎలా

మిద్దె నీళ్లు దిగే గొట్టాలు రెండు మూడు ఉంటాయి. అన్నిటినీ కలపాలని ప్లంబర్ చెబుతాడు. తాగే నీళ్ల ట్యాంకు వరకైతే ఒక్క గొట్టం చాలు, శుభ్రంగా ఉండే వాలు వైపుది. ట్యాంకును మిద్దె మీద పెట్టకండి. 5,000 లీటర్లు అంటే ఐదు టన్నులు. నేల మీద, గట్టి దిమ్మె కట్టి, గోడ పక్కన నీడలో పెట్టండి. గొట్టం పైనుంచి దిగుతుంది కాబట్టి మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. దిమ్మె అడుగున్నర ఎత్తు ఉంటే కొళాయి కింద బిందె పడుతుంది.

గొట్టానికీ ట్యాంకుకూ మధ్య ఒక మళ్లింపు వాల్వు తప్పనిసరి. ఎండాకాలం దుమ్ము, పిట్టల రెట్ట అంతా మొదటి వానలో దిగుతుంది. సీజనులో మొదటి రెండు వానలు పూర్తిగా బయటికి వదిలేయండి. తర్వాత ప్రతి వానకూ మొదటి పది పదిహేను నిమిషాలు వదిలి, వాల్వు తిప్పండి. వాన అర్ధరాత్రి వస్తే? లేవకండి, పడుకోండి. వాల్వు బయటి వైపే ఉంచితే ఆ వాన పోతుంది, అంతే. 52,000లో మనకు కావాల్సింది 11,000 మాత్రమే. మా పరిచయంలో ఒకాయన ప్రతి చినుకూ పట్టాలని గొడుగేసుకుని మిద్దె ఎక్కేవారు. రెండో ఏడాదికి విసిగి మొత్తం విప్పించేశారు.

వడపోతకు ఒక చిన్న డ్రమ్ములో అడుగున గులకరాళ్లు, పైన బొగ్గు, దాని పైన కడిగిన ఇసుక, మధ్య మధ్య నైలాన్ వల. ఏడాదికి ఒకసారి, వానలకు ముందు, ఇసుక తీసి కడిగి ఎండబెట్టాలి. ట్యాంకులోకి వెలుతురు పోకూడదు, పోతే పాచి పడుతుంది. గాలి గొట్టానికీ, పొంగి పోయే గొట్టానికీ దోమతెర కట్టండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి మంచి నీళ్లలోనే. తాగేముందు కాచుకోండి.

పొంగి పోయే నీళ్లను వీధి కాలువలోకి వదలకండి. సొంత బోరు ఉన్నవాళ్లు దాని పక్కన ఇంకుడు గుంత తీసి అందులోకి మళ్లించండి. టాయిలెట్ గుంతకు దూరంగా. ఈ గుంత వల్ల మీ బోరు మర్నాడే నిండదు. వీధిలో పది ఇళ్లవాళ్లు చేస్తేనే తేడా కనిపిస్తుంది, అదీ రెండు మూడేళ్లకు.

ఇంత చెప్పడానికి ఖర్చు ఒక్కటే కారణం కాదు. మన జిల్లా బోరు నీళ్లలో చాలా చోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మేలు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా అనుమతి అని మన దేశపు తాగునీటి ప్రమాణం. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు, పెద్దల కీళ్లు బిగుసుకుపోవడం. కాస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ తీసేస్తుంది గానీ, అది వడగట్టే ప్రతి బిందెకూ కొన్ని బిందెలు బయటికి పారబోస్తుంది, నీళ్లు లేని ఊర్లో. వాననీళ్లలో ఈ బెడద లేదు. బోరు ఉన్నవాళ్లు ఒకసారి నీటి పరీక్ష చేయించుకోండి. బడికి పోయే పిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క పని చేసి మిగతా వ్యాసం చదవకపోయినా మాకు సంతోషమే.

తోట, ట్యాంకు పోట్లాట

మిద్దె తోట ఇప్పుడు మనవాళ్లలో బాగా నడుస్తున్న మాట. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు శివారు నారపల్లిలో తన మిద్దె మీద కూరగాయలు, పండ్ల చెట్లు పెంచి, దాని మీద పుస్తకం రాసిన తర్వాత తెలుగు ఇళ్లలో ఆ సరదా వ్యాపించింది. మంచిదే. కానీ ఒకే మిద్దె మీద మట్టి తొట్లూ, తాగే నీటి పట్టూ రెండూ కుదరవు. మట్టి, ఎరువు కడిగిన నీళ్లు ట్యాంకులోకి దిగుతాయి. వాలు చూసుకుని ఒక వైపు తోటకు, ఒక వైపు నీటికి విడగొట్టి మధ్యలో సిమెంటు కట్ట వేయించండి. నీటి వైపు వానాకాలంలో ఏమీ ఉండకూడదు. ఎండాకాలం అక్కడే చింతపండు, వడియాలు ఎండబెట్టుకోండి, అడ్డు లేదు.

పాత రాతి బండల మిద్దె ఉన్నవాళ్లు తొట్లు పైకి ఎక్కించకండి. ఒక ఘనపుటడుగు తడి మట్టి సుమారు 45 కిలోలు. పది తొట్లు పెడితే ఎంతో మీరే వేసుకోండి. బండల సందుల్లోంచి నీళ్లు కారడం మొదలైతే ఆపడం కష్టం. సిమెంటు స్లాబు అయినా తొట్లు గోడల మీదుగా, దూలాల మీదుగా పెట్టాలి గానీ నడిమధ్యలో కాదు.

ఇంకో లెక్క. పన్నెండు తొట్ల ఆకుకూరలకు రోజుకు పాతిక ముప్పై లీటర్లు పోతాయి. ఇంటిల్లిపాది తాగి వండుకునేంత. అందుకని తోటకు ట్యాంకు నీళ్లు ముట్టకండి. జాలారి నీళ్లు ఉన్నాయి కదా. కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్లు ఏ మొక్కకైనా పోయొచ్చు. సబ్బు నీళ్లు ఆకుకూరలకు వద్దు; కాలువ తీసి అరటికి, బొప్పాయికి పారించండి. బకెట్లు మోసుకుని మిద్దె ఎక్కే పద్ధతి ఎవరి ఇంట్లోనూ ఏడాది దాటి నడవలేదు. మన తాలూకాలో డ్రిప్ పైపు ఎరగని టమోటా రైతు లేడు. అదే సన్న పైపు నాలుగు మీటర్లు తెచ్చి, ఒక డ్రమ్ముకు తగిలించి, తొట్లలోకి దించితే రోజుకొకసారి వాల్వు తిప్పడమే పని.

ఏమి వేయాలి? చోటు నేల మీద ఉంటే ముందు కరివేపాకు, నిమ్మ, మునగ. మునగ కొమ్మ గాలికి ఊరికే విరుగుతుంది, కరెంటు తీగకు దూరంగా నాటండి. తర్వాత పందిరికి బచ్చలి. ఒకసారి పట్టుకుంటే అది మనల్ని ఏమీ అడగదు. మెంతికూర మూడు వారాలు, తోటకూర నాలుగు వారాలు. కానీ మాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఎవరూ నాటనివి. గలిజేరు, పొన్నగంటి, గురుగాకు, చెంచలాకు పెరట్లో ఒక మూల తడిగా ఉంచితే వాటంతట అవే వస్తాయి. వాటినే కలుపు అని పీకి పారేస్తాం. నాలుగు రకాలు కలిపి, కంది బేడలతో ఉడికించి మెదిపితే, వీధిలో అందరూ బెరకె సొప్పు అనే ఆ కూర రాగి సంగటికి ఇంకేమీ అడగనివ్వదు.

జూలై ఆగస్టులో కంచె పక్కన నాలుగు అనప గింజలు వేయండి. మార్గశిరం మంచుకు కాయ పట్టినప్పుడు ఆ వాసన వీధి మలుపుదాకా వస్తుంది. నాలుగు తీగలతో ఇంటికి పితకపప్పు సరిపోదు, అది సంతలో కొనాల్సిందే. వాసన కోసం వేయమంటున్నాం.

టమోటా మాత్రం వేయకండి. వడ్డహళ్లి మార్కెట్ పక్కనే పెట్టుకుని కుండీలో టమోటా పెంచడం మాకు అర్థం కాని సంగతి. ధర పడిపోయినప్పుడు రైతు క్రేట్లకు క్రేట్లు రోడ్డు పక్కన పారబోసి పోతాడు. అప్పుడు పదిహేను కిలోల బాక్సు ఒకటి సరైన ధర ఇచ్చి కొని, సగం ఊరగాయ, సగం కోసి ఉప్పు చల్లి మిద్దె మీద ఒరుగులు పెట్టుకోండి. ఇంటికి ఏడాది సరుకు, రైతుకు బండి బాడుగ అయినా మిగులుతుంది. సొంతంగా బతకడమంటే అన్నీ మనమే పండించాలని లేదు. పండే ఊర్లో ఉన్నాం, పండినప్పుడు దాచుకోవడమూ అందులో భాగమే. రాగులూ అంతే. గింజగా ఉంటే ఏళ్లు నిలుస్తాయి, పిండి పట్టిస్తే నిలవవు. ఊర్లో పొలం కౌలుకిచ్చిన ఇళ్లు కౌలులో కొంత రాగుల రూపంలో తీసుకుంటే మంచిది.

మార్చి ఆఖరుకు తోట మూసేయండి. ఆకులు, గడ్డి కప్పి మట్టిని పడుకోబెట్టండి. ఏప్రిల్, మే ఎండల్లో కొత్తిమీర బతికించాలని పడే పాటు దండగ. ఈ రెండు నెలల సెలవు ఉన్న తోటలే ఏళ్ల తరబడి నిలవడం మేము చూశాం.

వంటింటి చెత్తకు రెండు డబ్బాలు చాలు. ఒకటి నిండేదాకా వేయండి, ప్రతిసారీ పైన ఎండుటాకు గుప్పెడు. నిండితే మూసి రెండోది మొదలుపెట్టండి. వాసన వచ్చిందంటే తడి ఎక్కువైందని, ఎండుటాకు తక్కువైందని అర్థం. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ఆవు గురించి అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఎల్ల దాటితే పుంగనూరు, అక్కడి పొట్టి ఆవు ఇప్పుడు ఫ్యాషన్. చూడ్డానికి ముచ్చటే. ముప్పై నలభై సైటులో దానికి గడ్డి, పేడ, రోజూ రెండు పూటలా ఒక మనిషి. వద్దని చెబుతాం.

ఎండ

సోలార్ విషయంలో ముందు మీ బెస్కాం బిల్లు చూసుకోండి. 2023లో వచ్చిన గృహజ్యోతి కింద పాత సగటు వాడకానికి పది శాతం కలిపి, 200 యూనిట్లు మించకుండా, ఉచితం. బిల్లు సున్నా వస్తున్న ఇంటికి మిద్దె మీద పలకలు పెట్టించడం వల్ల డబ్బు మిగిలేది పెద్దగా ఉండదు. రెండు కుటుంబాలు కలిసి ఉండి, మోటారు, ఏసీ ఉండి బిల్లు కట్టే ఇళ్లకు అది లాభం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కేంద్రం ఒక కిలోవాటుకు 30,000, రెండుకు 60,000, మూడు లేదా అంతకు పైన ఉంటే 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తుంది. దరఖాస్తుకు కరెంటు కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో అదే పేరు కావాలి. మనవాళ్ల ఇళ్లలో అది ఇంకా తాతగారి పేరు మీదే ఉండడం మామూలు. ముందు ఆ పేరు మార్పు చేయించుకోండి, దానికే ఎక్కువ రోజులు పడుతుంది.

అమ్మేవాళ్లు చెప్పని మాట ఒకటి ఉంది. బ్యాటరీ లేని సోలార్, లైనులో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది, పట్టపగలు ఎండ కాస్తున్నా. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అలా చేస్తారు. కరెంటు కోతకు మందు అని కొంటే మోసపోతారు. రెండు లైట్లు, రెండు ఫ్యాన్లకైతే చిన్న ఇన్వర్టర్ చాలు.

నీళ్ల కాగు కింద ఇంకా పుల్లలు పెట్టే ఇంటికి సోలార్ హీటర్ మంచి మార్పు, పొగ తగ్గుతుంది. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ గనుక రాగి గొట్టాల పలక రకం తొందరగా పూడుకుపోతుంది. గాజు గొట్టాల రకం కొంత నయం. అదైనా ఏడాదికొకసారి కడిగించాలి.

పనులు ఎప్పుడు పెట్టుకోవాలంటే, గొట్టం, దిమ్మె, ట్యాంకు మార్చి ఏప్రిల్‌లో. మొదటి ఉరుము వినిపించాక ప్లంబర్ దొరకడు. మిద్దెకు సున్నం, పగుళ్లకు పూత కూడా అప్పుడే. ట్యాంకు కడిగిన తేదీని మూత మీద పెయింటుతో రాసి పెట్టండి, లేకపోతే ఎవరికీ గుర్తుండదు. మాలో ఒకరి ఇంట్లో ఆ రాసే పని ఎనిమిదో తరగతి చదివే మనవడికి అప్పగించారు. బడిలో కన్నడ మీడియం. మూత మీద మాత్రం అవ్వ దగ్గర నేర్చుకున్న తెలుగు అక్షరాల్లో, కొంచెం వంకరగా, "కడిగినాము" అని రాస్తాడు.